నాలుగు మిల్లీమీటర్ల కన్ను

ఏమర్రా, ఉప్పలపాడు వెళ్ళొచ్చినప్పట్నుంచీ మొహాలు అలా పెట్టుకున్నారేం? చెరువు నిండా ఎర్రకాళ్ళ కొంగలూ గూడబాతులూ కనబడ్డాయి, ఫొటోల్లో మాత్రం చెట్ల మీద తెల్లటి మచ్చలు పడ్డాయి, అంతేగా? "పక్కనాయన దగ్గర బారెడు లెన్సు ఉంది తాతయ్యా, మన దగ్గర జేబులో పట్టే కెమెరా ఉంది, అందుకే రాలేదు" అంటున్నాడు చిన్నాడు. వాడు చెప్పిందాంట్లో సగం నిజం ఉంది. ఆ సగం ఎంతో లెక్క కట్టి చూద్దాం. మిగతా సగం ఆ లెక్కలోంచే బయటపడుతుంది.

కెమెరా ఇలా ఇవ్వండి. లెన్సు చుట్టూ ఉన్న రింగు మీద సన్నటి అంకెలున్నాయి చూడండి: 4.5–22.5 ఎం.ఎం., 1:2.8–6.0. మొదటి జత లెన్సు నాభ్యంతరం. జూమ్ పూర్తిగా లాగితే 22.5 మిల్లీమీటర్లు అవుతుందన్నమాట. రెండో జత ఎపర్చరు అంకె, ఎఫ్/ అని రాసేది. జూమ్ చివర అది 6. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 22.5ని 6తో భాగిస్తే 3.75. కొంగ నుంచి బయల్దేరిన వెలుతురు మీ కెమెరాలోకి వచ్చే ద్వారం వెడల్పు అది, నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. చీకట్లో మన కనుపాప దానికంటే పెద్దగా తెరుచుకుంటుంది.

ఇప్పుడు పక్కనాయన లెన్సు. అది 600 ఎం.ఎం., ఎఫ్/4 లెన్సు అనుకుందాం. 600ని 4తో భాగిస్తే 150 మిల్లీమీటర్లు. మీ ద్వారానికి 40 రెట్ల వెడల్పు. వైశాల్యమైతే 40 ఇంటూ 40, అంటే 1600 రెట్లు. మీరిద్దరూ ఒకే గట్టు మీద నిలబడి ఒకే కొంగను ఒకే క్షణంలో తీస్తే, ఆ కొంగ వెలుతురు ఆయన కెమెరాలోకి మీకంటే 1600 రెట్లు ఎక్కువ వెళ్ళింది. ఇదీ చిన్నాడు చెప్పిన సగం నిజం. దీన్ని ఏ బటనూ మార్చలేదు, తర్వాత కంప్యూటర్లో ఎంత దిద్దినా పూడదు.

ఇంకో లెక్క కూడా చూడండి. కొంగ ఎత్తు మీటరు, మీకూ దానికీ మధ్య దూరం 60 మీటర్లు అనుకుంటే, సెన్సర్ మీద పడే కొంగ బొమ్మ ఎత్తు మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. సెన్సరే ఆరు మిల్లీమీటర్ల పొడవు, నాలుగున్నర మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న పలక. దాంట్లో రెండు కోట్ల పిక్సెళ్ళు ఇరికించారు. ఒక్కో పిక్సెల్ మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త పెద్దది. ఆ లెక్కన కొంగ పొడుగునా మూడు వందల పిక్సెళ్ళు ఉండాలి, ముక్కూ కన్నూ గుర్తుపట్టడానికి చాలినన్నే. కానీ ఇక్కడ వెలుతురు స్వభావం అడ్డం వస్తుంది. వెలుతురు అల కదా, ఇరుకు ద్వారంలోంచి వచ్చేటప్పుడు కొంచెం పరుచుకుంటుంది. అందుకని సూదిమొనంత చుక్క కూడా సెన్సర్ మీద చుక్కగా పడదు, చిన్న బిళ్ళగా పడుతుంది. ఆ బిళ్ళ ఎంత ఉంటుందో 1835లోనే ఇంగ్లండుకు చెందిన జార్జ్ ఎయిరీ లెక్క కట్టి పెట్టాడు. మీ కెమెరాలో, జూమ్ చివర, అది దాదాపు ఏడు పిక్సెళ్ళ వెడల్పు. కాబట్టి మూడు వందల పిక్సెళ్ళున్నా కొంగ ఒంటి మీద విడివిడిగా తెలిసే వివరాలు వందకు మించవు. డబ్బా మీద మెగాపిక్సెళ్ళు ఎన్ని రాసినా అంతే. ఇక డిజిటల్ జూమ్ అనేది ఉన్న ఆ వందనే సాగదీసి చూపిస్తుంది. కొత్త వివరం ఒక్కటి కూడా తేదు. మెనూలోకి వెళ్ళి దాన్ని ఆపేయండి.

వెలుతురు తక్కువైతే ఫొటో చీకటిగా ఉండాలి గానీ, ఇలా ఇసుక చల్లినట్టు గరుకుగా ఎందుకుంటుందని పెద్దమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. వెలుతురు ఫొటాన్లుగా, అంటే విడివిడి గింజలుగా వస్తుంది. ఎప్పుడు ఏది ఎక్కడ పడుతుందో ముందుగా చెప్పలేం. తుంపర పడుతున్నప్పుడు వాకిట్లో ఒకే సైజు గ్లాసులు వరసగా పెట్టి కాసేపటికి తీసి చూడండి. ఒకదాంట్లో నాలుగు చుక్కలుంటే పక్కదాంట్లో తొమ్మిది ఉంటాయి. అదే జోరువానలో పెడితే అన్నిట్లోనూ నీళ్ళు ఇంచుమించు ఒకే మట్టానికి వస్తాయి. లెక్క ఏమిటంటే, సగటున 100 గింజలు పడేచోట హెచ్చుతగ్గు దాని వర్గమూలమంత, అంటే 10. నూటికి పది తేడా. 10,000 పడేచోట హెచ్చుతగ్గు 100, అంటే నూటికి ఒకటి. ఒకే రంగున్న రెక్క మీద పక్కపక్క పిక్సెళ్ళకు నూటికి పది తేడా వస్తే గరుకు కనిపించక ఏమవుతుంది? కెమెరాలో ఐ.ఎస్.ఓ. అనే అంకె పెంచితే వెలుతురు పెరగదు. వచ్చిన కాస్తనీ, దాని తేడాతో సహా, పెద్దది చేసి చూపిస్తుందంతే.

ఫోన్లలో రాత్రి ఫొటోలు బాగా రావడానికి కూడా ఈ వర్గమూలమే కారణం. ఫోను చకచకా చాలా ఫొటోలు తీసి వాటి సగటు కడుతుంది. తొమ్మిది ఫొటోల సగటులో గరుకు మూడో వంతుకు దిగుతుంది. కదలకుండా నిలబడ్డ కొంగ దొరికితే మీరూ గోడ మీద కెమెరా ఆనించి వరసగా తీసి, ఇంట్లో కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు కట్టవచ్చు. ఓపికుంటే చేసి చూడండి, తేడా కంటికి కనిపిస్తుంది.

సరే, ఇక రెండో సగం. దూరం నాలుగో వంతయితే వచ్చే వెలుతురు పదహారు రెట్లు. నలభయ్యో వంతయితే 1600 రెట్లు! పక్కనాయన 60 మీటర్ల నుంచి కూడబెట్టిన వెలుతురును మీ చిన్న కెమెరా మీటరున్నర దూరంలో కూడబెడుతుంది. ఆ బారెడు లెన్సు అంత దగ్గరకు పనికి కూడా రాదు. అలాంటి లెన్సులు చాలావరకు నాలుగు మీటర్లకంటే దగ్గర ఉన్నదాన్ని ఫోకస్ చేయలేవు. కాబట్టి మన ప్రశ్న ఇది: మీటరున్నర దూరానికి మనల్ని రానిచ్చే ప్రాణి ఏది? కొంగ రానివ్వదు, రానివ్వమని మనం దాన్ని అడగకూడదు కూడా. రానిచ్చేవి మన పెరట్లో, పొలం గట్టు మీద, కాలవ ఒడ్డున వందలున్నాయి.

తూనీగను తీసుకోండి. వానలు మొదలయ్యాక గుంపులు గుంపులుగా మైదానం మీద తిరిగే పసుపుపచ్చ తూనీగల వెంట పడొద్దు. పగలంతా వాటికి ఎగరడమే పని, వాలడం అరుదు. చెరువు ఒడ్డున రెల్లు కొస మీదో ముళ్ళకంచె తీగ మీదో వాలే రకాలుంటాయి, గులాబీరంగు మగ తూనీగలు, నీలం పట్టీల తూనీగలు. వాటి సంగతి వేరు. వాలిన ఆ కొస తూనీగకు కాపలా చోటు. దోమ కనబడితే రివ్వున లేస్తుంది, ఇంకో మగది వస్తే తరిమి కొడుతుంది, మళ్ళీ అదే కొసకు వచ్చి వాలుతుంది. ఎగిరిపోయిందని మీరు వెంటబడితే పోయినట్టే. అది లేచినప్పుడే మీరు రెండడుగులు ముందుకు వేసి కూర్చోండి. అది తిరిగొచ్చేసరికి మీరు అక్కడ ఉన్న వస్తువుల్లో ఒకరు. మళ్ళీ లేచినప్పుడు ఇంకో అడుగు. ఖాళీ కొసకే ఫోకస్ చేసి, షట్టర్ బటన్ సగం నొక్కి పట్టుకోండి. చిన్న కెమెరాలో బటన్ నొక్కినదానికీ ఫొటో పడినదానికీ మధ్య వచ్చే ఆలస్యంలో పెద్ద వాటా ఫోకస్ వెతుక్కోవడానిదే. సగం నొక్కి ఉంచితే ఆ పని ముందే అయిపోయి ఉంటుంది. తూనీగ వాలగానే మిగతా సగం నొక్కడమే.

ఎండ నడినెత్తికి వచ్చాక అదే తూనీగను చూడండి. తోకలా కనబడే పొట్టభాగాన్ని నిటారుగా సూర్యుడివైపు ఎత్తి నిలబడుతుంది. విన్యాసం కాదది. సూర్యుడికి ఎదురుగా కొస మాత్రమే ఉండేలా నిలబడితే ఒంటి మీద పడే ఎండ తగ్గుతుంది. నీడ తక్కువ పడేలా ఒంటిని తిప్పుకోవడమన్నమాట. ఇది తెలిసినవాడు మధ్యాహ్నం ఆ భంగిమ కోసమే వెళ్తాడు. తెలియనివాడికి అది వంకరగా వచ్చిన ఫొటో.

సీతాకోకచిలుకలకైతే పొద్దున్నే వెళ్ళాలి. వాటి ఒంటివేడి బయటి వేడిని బట్టి ఉంటుంది. రెక్కలాడించే కండరాలు బాగా వేడెక్కితే గానీ అవి గట్టిగా ఎగరలేవు. శీతాకాలం పొద్దున ఏడు గంటలప్పుడు చూడండి, రెక్కలు పూర్తిగా విప్పి ఎండకు ఆరేసుకుని కూర్చుంటాయి. అప్పుడు మీరు మోకాళ్ళ మీద దగ్గరకు జరిగినా తొందరపడవు. మీ నీడ మాత్రం వాటి మీద పడనీయకండి. పడిందా, లేచిపోతాయి. తొమ్మిదిన్నర దాటాక అదే సీతాకోకచిలుక మీకు అందదు. తొండ కూడా అంతే. పొద్దున్నే రాతి మీద ఎండ కాచుకుంటూ ఉంటుంది. ఎండాకాలం మొదలయ్యాక మగదాని మెడ ఎర్రబడుతుంది, తల ఆడిస్తూ బస్కీలు తీస్తుంది. పెరటి గోడ మీద అంతటి వేట దొరుకుతుంటే అడవికి పోవాలా?

కెమెరాలో పువ్వు గుర్తున్న మాక్రో బటన్ ఉంది చూడండి. జూమ్ లాగకుండా ఉంటే అది నాలుగైదు సెంటీమీటర్ల దూరం దాకా ఫోకస్ చేస్తుంది. కానీ అంత దగ్గరకు పోతే కెమెరా నీడే పురుగు మీద పడుతుంది, పురుగూ బెదురుతుంది. నేనైతే జూమ్ సగం లాగి, అరమీటరు దూరంలో ప్రయత్నించమంటాను. ఫోకస్ దొరక్క కెమెరా ఎర్ర గడి చూపిస్తే కొద్దిగా వెనక్కి జరగండి. ఇక్కడ మీ నాలుగు మిల్లీమీటర్ల ద్వారం వల్ల ఒక లాభం కూడా ఉంది. సన్నటి ద్వారంతో తీసిన ఫొటోలో ముందూ వెనకా ఎక్కువ లోతు స్పష్టంగా వస్తుంది. పెద్ద కెమెరాతో ఇంత దగ్గర్నుంచి తీస్తే తూనీగ కన్ను వచ్చి రెక్క కొస మసకబారుతుంది. మీకు తలా రెక్కా తోకా అన్నీ వస్తాయి. అయితే వెనకున్న చెత్తాచెదారం కూడా అంతే స్పష్టంగా వస్తుంది. అందుకని తీసేముందు ప్రాణి వెనక ఏముందో చూడాలి. ఒక అడుగు పక్కకు జరిగితేనో, కూర్చుంటేనో వెనకున్న ప్లాస్టిక్ సంచీ పోయి దూరంగా ఉన్న పచ్చటి వరిచేను వస్తుంది. ప్రాణి కంటి ఎత్తుకు మీ కెమెరా దిగాలి. నిలబడి కిందకు చూస్తూ తీసిన కప్పకూ, బోర్లా పడుకుని తీసిన కప్పకూ ఎంత తేడా ఉంటుందో మీరే చూస్తారు. బట్టలు మాసిపోతే ఉతుక్కోవచ్చు.

పక్షులు పూర్తిగా మనవి కావని కాదర్రా. చిన్న పసరిక అని ఆకుపచ్చ పిట్ట ఉంటుంది, కరెంటు తీగల మీద కూర్చుని తేనెటీగల్ని పట్టుకునేది. అదీ తూనీగలాగే ఎగిరి పట్టుకుని అదే చోటుకు వస్తుంది. పట్టిన ఈగను తీగకేసి బాది కొండి తీశాక మింగుతుంది. ఆ కాసేపూ అది అక్కడే ఉంటుంది, అదే మీ అదను. మనిషిని చూస్తే లేచిపోయే పిట్టలు గేదెనీ, ట్రాక్టరునీ, ఆగి ఉన్న కారునీ పట్టించుకోవు. కారు అద్దం దించి, ఇంజను ఆపేసి, బియ్యం పోసిన చిన్న గుడ్డసంచి తలుపంచు మీద పెట్టి దాని మీద కెమెరా ఆనిస్తే కదలికా తగ్గుతుంది, పిట్టా బెదరదు. ఇది కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు 1900 ప్రాంతంలో లోపల బోలుగా ఉండే ఎద్దు బొమ్మ చేయించి, దాంట్లో దూరి పక్షుల ఫొటోలు తీశారు. మేసే ఎద్దుకు పిట్ట ఎందుకు భయపడుతుంది? అప్పటి కెమెరాల బరువూ, గాజు ప్లేట్లూ తలుచుకుంటే మీ చేతిలో ఉన్నది వాళ్ళకు వరమే అయ్యేది. మన పక్కన మద్రాసులో ఎం. కృష్ణన్ (1912–1996) అని గొప్ప ప్రకృతి పరిశీలకుడు ఉండేవాడు. వేర్వేరు కెమెరాల భాగాలు కూర్చి సొంతంగా ఒకటి తయారు చేసుకుని, దానికి సూపర్ పాండరోసా అని పేరు పెట్టుకుని, దాంతోనే నలుపు తెలుపుల్లో ఏనుగుల్ని తీశాడు. 1950 నుంచి చనిపోయేదాకా స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతి గురించి శీర్షిక రాశాడు. ఆయన ఫొటోల్లో జంతువు ఏం చేస్తోందో మనకు తెలుస్తుంది. నాకు అదే ముఖ్యం.

గూళ్ళ దగ్గర మాత్రం నా మాట వినండి. ఎండవేళ కొంగ గూటి మీద రెక్కలు సగం విప్పి నిలబడి ఉంటే, ఫోజు ఇస్తోందని సంబరపడొద్దు. ఒంటి మీద సరిగా ఈకలు రాని పిల్లలకు అది గొడుగు పడుతోంది. నీళ్ళు నోట్లో తెచ్చి పిల్లల మీద, వాటి నోళ్ళలో వదులుతుంది కూడా. ఫొటో కోసం మీరు దగ్గరకు పోయి దాన్ని లేపేస్తే, పిల్లలు ఆ ఎండలో మాడతాయి, కాకీ గద్దా ఆ అదను కోసమే చూస్తుంటాయి. పిట్ట మేత మానేసి మెడ నిక్కించి మీ వంక చూసిందంటే మీరు ఎక్కువ దగ్గరకు వెళ్ళారని అర్థం. ఆగండి, వెనక్కి రండి. ఫోన్లో పిట్టకూత వినిపించి పిలవడం, కొమ్మ విరిచి గూడు కనబడేలా చేయడం నాకు నచ్చని పనులు. ఉప్పలపాడు వాళ్ళు వాళ్ళ ఊరి చెరువులో ఆ పక్షుల్ని ఇన్నేళ్ళుగా కాపాడుకుంటున్నారు. చూడబోయినవాళ్ళం వాళ్ళ కష్టాన్ని పాడు చేయకూడదు.

గట్టు మీది నుంచే కొంగల్ని తీయాలంటే, ఒక్క కొంగను పట్టుకు లాగే ప్రయత్నం మానేయండి. చెట్టు నిండా గూళ్ళు, కింద నీళ్ళు, వెనక ఊరి ఇళ్ళు, అన్నీ వచ్చేలా తీయండి. ఆ బారెడు లెన్సులో ఊరు పట్టదు. ఎగిరే కొంగ గట్టు మీదుగా పోతుంటే అప్పుడు జూమ్ లాగండి, పరుగెత్తే మనిషి గుర్తున్న స్పోర్ట్స్ మోడ్ పెట్టండి. దాంతో షట్టర్ వేగం పెరుగుతుంది. చెయ్యి వణుకును కెమెరాలోని స్టెబిలైజర్ కొంత సర్దుతుంది గానీ రెక్క కదలికను అది ఆపలేదు, వేగమే ఆపాలి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, మెడలో పట్టీ బిగుతుగా ఉండేలా కెమెరాను ముందుకు చాచి పట్టుకోండి.

ఎండ ఎక్కాక దూరంగా ఉన్నవాటిని తీయకండి. నేల వేడికి గాలి పొరలు పొరలుగా కదులుతుంది, ఒక్కో పొర వెలుతురును ఒక్కో దిక్కుకు వంచుతుంది. ఎండమావులు కనిపించేదీ ఈ వంపు వల్లనే. పులికాట్‌లో బురదనేల అవతల ఉన్న ఫ్లెమింగోలను మిట్టమధ్యాహ్నం తీస్తే బారెడు లెన్సు కూడా మసకే చూపిస్తుంది.

తెల్ల కొంగ మీద ఈకలు కనబడకుండా సున్నం పూసినట్టు వచ్చిందంటే దానికీ కారణముంది. ఎదురుగా ఉన్నదంతా సగటున ఒక మధ్యస్తపు బూడిదరంగు ఛాయలో ఉంటుందని కెమెరా లెక్క వేసుకుంటుంది. నల్లటి చెట్టు ముందు చిన్న తెల్ల కొంగ ఉంటే, చీకటి ఎక్కువుందనుకుని మొత్తం వెలిగించేస్తుంది, కొంగ తెల్లగా వెలిసిపోతుంది. ప్లస్, మైనస్ గుర్తున్న బటన్ నొక్కి మైనస్ వైపు రెండు గీతలు జరపండి. ఆకాశం ముందు కూర్చున్న పిట్ట నల్లగా వస్తే ప్లస్ వైపు జరపండి. ఫ్లాష్ ఆపేయండి. దాని వెలుగు మూడు నాలుగు మీటర్లు దాటితే ఏమీ చేయలేదు, దగ్గర్లో ఉన్నదాన్ని బెదరగొడుతుంది.

లెన్సు మీద వేలిముద్ర ఉంటే మెత్తటి గుడ్డతో తుడవండి. ఆ జిడ్డు వెలుతురును చెదరగొట్టి ఫొటో అంతా పొగమంచు పట్టినట్టు చేస్తుంది. మన కోస్తా ఉక్కకు బీరువాలో పెట్టిన కెమెరా లెన్సు లోపల బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాచుకోండి.

ఫొటో మసకగా వచ్చినా వెంటనే తుడిచేయకండి. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ లాంటి చోట్ల పెడితే ఏ జాతో గుర్తుపట్టి చెప్పేవాళ్ళుంటారు. ఏ ఊళ్ళో ఏ నెలలో ఏది కనబడిందో పరిశోధన చేసేవాళ్ళకు ఆ వివరాలు అక్కరకొస్తాయి. దానికోసం అందంగా ఉన్న ఒక్క ఫొటో చాలదు. సీతాకోకచిలుకకు రెక్క పైవైపూ కిందివైపూ రెండూ కావాలి, కొన్ని జాతుల్ని కిందివైపు మచ్చల్ని బట్టే చెప్పగలరు. తూనీగకు పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, తోక కొస స్పష్టంగా ఇంకొకటి తీయండి. కెమెరాలో తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో రేపు పొద్దున బయల్దేరేముందే చూసుకోండి. బ్యాటరీ తీసి చాలాకాలం పక్కన పడేస్తే లోపలి గడియారం మళ్ళీ మొదటికి పోతుంది.